రాత్రి సంచిలో నీళ్లు ఎందుకు తగ్గిపోతున్నాయి? పొట్ట డయాలసిస్ చేసేవాళ్లు చెప్పండి

పర్లాకిమిడి అమ్మాయి (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. అమ్మకు అరవై రెండేళ్లు. కిడ్నీలు పనిచేయక పదకొండు నెలలుగా ఇంట్లోనే పొట్ట డయాలసిస్ చేస్తున్నాము, అంటే సంచిలోని ద్రవాన్ని గొట్టం ద్వారా పొట్టలోకి ఎక్కించి, కొన్ని గంటలు ఉంచి దింపేయడం. రోజుకు నాలుగు సంచులు, ఒక్కొక్కటి రెండు లీటర్లు. దింపిన ప్రతి సంచినీ స్ప్రింగు త్రాసుకు తగిలించి, తూకం నోటు పుస్తకంలో రాస్తాను.

పగలు ఆకుపచ్చ మూత సంచి (2.5 శాతం చక్కెర ఉన్నది) నాలుగు గంటలు ఉంచితే 2,050, ఒక్కోసారి 2,100 మిల్లీలీటర్లు దిగుతోంది. అదే సంచి రాత్రి పదికి ఎక్కించి పొద్దున ఆరుకు దింపితే 1,750 మాత్రమే. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ నీళ్లు రావాలి కదా? ఆ 250 ఎక్కడికి పోయినట్టు? మూడు నెలలుగా ఇదే వరస.

ఇంకొకటి. కాళ్లు వాచినప్పుడు ఎర్ర మూత సంచి (4.25 శాతం) వేసి రెండు గంటలకే దింపమన్నారు. 2,400 వచ్చింది. సంతోషించాము. కానీ ఆ రోజంతా అమ్మ దాహం దాహం అంటూనే ఉంది, బీపీ కూడా పెద్దగా దిగలేదు. నీళ్లు పోతే దాహం ఎందుకు?

ఆసుపత్రి కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి, అక్కడ చెప్పేది ఒడియాలో. నాకు రెండూ వచ్చు గానీ అమ్మకు తెలుగులో వివరించబోయి నేనే తడబడుతున్నాను. తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

గుణుపురం సిస్టర్ (సోమవారం, రాత్రి 10:15)

అమ్మా, నేను డయాలసిస్ విభాగంలో పనిచేస్తాను. దిగుడు తగ్గిందనగానే మేము ముందు అడిగేవి ఇవి: మలబద్ధకం ఉందా? గొట్టం ఎక్కడైనా మెలిక పడిందా? పక్కకు తిరిగి పడుకుంటే ధార మారుతోందా? పేగు నిండి ఉంటే గొట్టం కొస పక్కకు జరిగిపోతుంది, నీళ్లు లోపలే చిక్కుకుంటాయి. అయితే మీకు పగలు సవ్యంగానే దిగుతోంది కాబట్టి నాకు గొట్టం మీద అనుమానం లేదు. దింపిన నీళ్లు తేటగా ఉన్నాయా? పొట్ట నొప్పి ఉందా? అమ్మకు రోజుకు మూత్రం ఎంత వస్తోంది?

పర్లాకిమిడి అమ్మాయి (సోమవారం, రాత్రి 10:22)

తేటగానే ఉన్నాయి సిస్టర్. నొప్పి లేదు. విరేచనం రోజూ అవుతుంది. మూత్రం మూడు వందలు దాటదు.

రాయగడ కిరాణా (మంగళవారం, ఉదయం 6:50)

మా నాన్నగారికి కూడా ఇదే వైద్యం. మాకు చెప్పింది ఏమిటంటే, పొట్ట లోపలి పొర వడపోత గుడ్డ లాంటిది, సంచిలో పంచదార నీళ్లు ఉంటాయి, తీపి నీళ్లను లాగుతుంది. అంతే. కాబట్టి ఎంతసేపు ఉంచితే అంత లాగాలి. రాత్రి తక్కువ వస్తోందంటే తూకంలో తేడా ఉండి ఉంటుంది. త్రాసు మార్చి చూడండి.

బరంపురం మాస్టారు (మంగళవారం, ఉదయం 8:05)

త్రాసు సరిగ్గానే ఉంది బాబూ. ఆ అమ్మాయి రాసిన మూడు అంకెలూ ఒకదానికొకటి చక్కగా సరిపోతున్నాయి. ముప్ఫై ఏళ్లు శరీరధర్మశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇంత శ్రద్ధగా రాసిన పుస్తకం చూస్తే నాకు ప్రాణం లేచివచ్చింది.

ముందు వడపోత గుడ్డ సంగతి. సంచిలోని ద్రవానికీ రక్తానికీ మధ్య మూడు అడ్డులు ఉన్నాయి. పొట్టలోని అవయవాల మీద పరచుకున్న పలచని కణాల వరుస ఒకటి. దాని కింద మెత్తని కణజాలం రెండోది. ఆ కణజాలంలో అల్లుకున్న కేశనాళికల గోడ మూడోది. వీటిలో అసలు కాపలా మూడోదే. మొదటి రెండూ నీటికి పెద్దగా అడ్డు చెప్పవు. పెరిటోనియం, అంటే ఈ పొట్ట లోపలి పొర, మొత్తం వైశాల్యం దాదాపు మన ఒంటి చర్మమంత ఉంటుంది, కానీ పని జరిగేది అందులో రక్తం పారుతున్న కేశనాళికల దగ్గర మాత్రమే. కాబట్టి నీళ్లు పొరను దాటడం అంటే నిజానికి సన్నని రక్తనాళం గోడను దాటడం.

ఆ గోడకు రంధ్రాలు మూడు రకాలు. స్వీడన్‌లోని లుండ్‌కు చెందిన శాస్త్రవేత్త బెంగ్ట్ రిప్పె దీన్ని లెక్క కట్టి చూపించారు. నాళం గోడలో కణానికీ కణానికీ మధ్య సందులు ఉంటాయి. వాటి వ్యాసార్ధం నాలుగైదు నానోమీటర్లు. నీరు, ఉప్పు, యూరియా, క్రియాటినిన్ లాంటి మలినాలు, గ్లూకోజ్ (సంచిలోని చక్కెర) అన్నీ అందులోంచి రాకపోకలు సాగిస్తాయి. వీటిని చిన్న రంధ్రాలు అంటారు. అక్కడక్కడా ఇరవై అయిదు నానోమీటర్ల వ్యాసార్ధంతో పెద్దవీ ఉంటాయి, అవి చాలా అరుదు. మాంసకృత్తులు సంచిలోకి జారేది ముఖ్యంగా వాటిలోంచే. మూడోది అన్నిటికన్నా సన్నది, కణం పొరలోనే ఉండే నీటి దారి. దాని పేరు ఆక్వాపోరిన్-1. అందులోంచి నీటి అణువులు ఒకదాని వెనక ఒకటి వరుసగా వెళ్తాయి. ఉప్పుకు ప్రవేశం లేదు, గ్లూకోజ్‌కు అసలే లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. ఎర్ర సంచిలో లీటరుకు 38.6 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది (4.25 శాతం అని రాసేది నీటి అణువు కలిసిన డెక్స్‌ట్రోజ్ లెక్క). గ్లూకోజ్‌ను పూర్తిగా ఆపగలిగే గోడ అయితే, సంచి ఎక్కించిన తొలి క్షణంలో దాని లాగుడు దాదాపు 4,000 మిల్లీమీటర్ల పాదరసమంత ఉంటుంది. మన బీపీ 120 అని గుర్తు చేసుకోండి. ఆక్వాపోరిన్ దగ్గర ఆ లాగుడు పూర్తిగా పనిచేస్తుంది. చిన్న రంధ్రం గ్లూకోజ్‌ను ఆపలేదు, వదిలేస్తుంది, అందుకని అక్కడ అందులో మూడు శాతమే పనిచేస్తుంది, అంటే 120. అయితే గోడ మొత్తం మీద నీటిని వదిలే సామర్థ్యంలో ఆక్వాపోరిన్ల వాటా రెండు శాతమే, చిన్న రంధ్రాలది తొంభై పైమాటే. నాలుగు వేలలో రెండు శాతం 80. నూట ఇరవైలో తొంభై శాతం 108. అంటే వచ్చే నీళ్లలో సగానికి కాస్త తక్కువ సన్నదారిన, మిగతావి సందుల దారిన వస్తాయి. ఈ లెక్క మొదటిసారి వేసుకున్న రోజు నాకు నిద్ర పట్టలేదు.

రాత్రి సంచి సంగతి సాయంత్రం రాస్తాను, కళ్లు లాగుతున్నాయి.

కవిటి కోడలు, బరంపురం (మంగళవారం, ఉదయం 10:30)

మాస్టారూ, ఒక సందేహం. మాగాయకు మామిడి ముక్కలు తరిగి ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో పెడితే మూడో రోజుకు ముక్క మునిగేంత ఊట వస్తుంది. మనం చుక్క నీళ్లు పోయము. ఇదీ అదేనా?

మా పుట్టింటి వైపు ఉద్దానంలో ప్రతి వీధిలోనూ కిడ్నీ రోగి ఉన్నారు. ఇద్దరు మేనమామలను పోగొట్టుకున్నాను. అందుకే అడుగుతున్నాను, ఊరికే కాదు.

బరంపురం మాస్టారు (మంగళవారం, సాయంత్రం 5:20)

అమ్మా, సరిగ్గా అదే. మీరు చెప్పిన ఊటలోనే రాత్రి సంచి జవాబు కూడా ఉంది.

ముక్కలోంచి నీరు బయటికి వస్తుంది. నిజమే. కానీ మూడో రోజు ముక్క కొరికి చూడండి, ఉప్పగా ఉంటుంది. అంటే ఉప్పు కూడా ముక్కలోకి పోయింది. బయట ఉప్పు పలచబడి, లోపల ఉప్పు చిక్కబడి, రెండూ ఒకటయ్యాక ఊట ఆగిపోతుంది. పొట్టలోనూ ఇదే జరుగుతుంది. సంచిలోని గ్లూకోజ్ నీటిని లాగుతూనే, చిన్న రంధ్రాల గుండా తాను రక్తంలోకి జారిపోతుంది. మామూలు మనిషికి నాలుగు గంటలయ్యేసరికి సగానికి పైగా పోతుంది. గ్లూకోజ్ పోయాక లాగేవాడు లేడు.

ఇక్కడ మామిడి ముక్కకు లేనిది ఒకటి మనిషికి ఉంది. రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు ఉంది. అది నాళాన్ని అంత తేలిగ్గా దాటి రాలేదు, అక్కడే ఉండి నీటిని వెనక్కి పిలుస్తూ ఉంటుంది. దానికి తోడు పొట్టలోని ద్రవాన్ని లింఫు నాళాలూ (ద్రవాన్ని తిరిగి రక్తంలో చేర్చే సన్నని నాళాలు) చుట్టూ ఉన్న కణజాలమూ పీల్చుకుంటూనే ఉంటాయి. ఈ వెనకదారి సంచి ఎక్కించిన మొదటి నిమిషం నుంచీ తెరిచే ఉంటుంది. మొదట్లో గ్లూకోజ్ లాగుడు బలంగా ఉంటుంది కాబట్టి మనకు కనబడదు. సుమారుగా నిమిషానికి ఒక మిల్లీలీటరు అనుకోండి, ఎనిమిది గంటలకు 480. మొదటి రెండు మూడు గంటల్లో వచ్చినదంతా పోయి, మీరు పోసిన దాంట్లో కూడా కొంత పోయింది. మీ 250 అక్కడికి వెళ్లింది తల్లీ. అమ్మ ఒంట్లోకే.

రాయగడ కిరాణా (మంగళవారం, రాత్రి 8:10)

మాస్టారూ, ఉదయం నేను తొందరపడి రాశాను. నాన్నగారి పుస్తకం తీసి చూశాను. రాత్రివి మావీ తక్కువే, 1,900 దగ్గర. మేము ఇన్నాళ్లూ ఎక్కువసేపు ఉంచితే మంచిదని తొమ్మిది, పది గంటలు ఉంచుతున్నాము. తప్పు చేశామా?

గుణుపురం సిస్టర్ (మంగళవారం, రాత్రి 8:40)

తప్పు అనకండి అన్నయ్యా. క్రియాటినిన్, అంతకంటే పెద్ద మలినాలు మెల్లగా వస్తాయి, వాటికి ఎక్కువసేపు కావాలి. నీళ్లకు మాత్రం తక్కువసేపు కావాలి. రెంటికీ ఒకే గడియారం పనికిరాదు. అందుకే ఎవరికి ఎంతసేపు అన్నది డాక్టరు గారు పరీక్ష చేసి చెప్పాలి. మీ అంతట మీరు గంటలు మార్చకండి, పుస్తకం తీసుకెళ్లి చూపించండి.

ఆ పరీక్ష 1987 నుంచి ఉంది. 2.5 శాతం సంచి రెండు లీటర్లు ఎక్కించి నాలుగు గంటలు ఉంచుతారు, మధ్యమధ్య నమూనాలు తీస్తారు. సంచిలోని క్రియాటినిన్‌ను రక్తంలోని దానితో భాగిస్తే ఒక అంకె వస్తుంది. 0.81 దాటితే ఆ మనిషి పొర వేగంగా వదిలే రకం. మలినాలు తొందరగా వస్తాయి, కానీ గ్లూకోజ్ కూడా తొందరగా పారిపోతుంది. ఇలాంటివాళ్లకే రాత్రి సంచి వెనక్కి పోతుంది. పర్లాకిమిడి అమ్మాయి గారూ, మీ అమ్మగారికి ఈ పరీక్ష చేశారా?

పర్లాకిమిడి అమ్మాయి (మంగళవారం, రాత్రి 8:55)

మొదలుపెట్టిన నెలలో చేయాలన్నారు సిస్టర్. తర్వాత ఎవరూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. శుక్రవారం వెళ్తున్నాము, అడుగుతాను.

జయపురం నుంచి (బుధవారం, ఉదయం 7:15)

నేను రోగినే. మూడేళ్లుగా ఈ వైద్యం మీద ఉన్నాను. వేగం గురించి సిస్టర్ చెప్పినది నా ఒంటి మీద చూశాను.

పోయిన వానాకాలం ఒక ఉదయం సంచి దింపి, అలవాటు ప్రకారం దాని వెనక తెలుగు పేపరు పట్టుకున్నాను. రోజూ అక్షరాలు చదవగలిగేవాడిని. ఆ రోజు పెద్ద శీర్షిక కూడా మసకగా, కలినీళ్ల అడుగున ఉన్నట్టు కనిపించింది. తూకం 1,600. పొట్టలో సన్నగా మంట. సంచి పారేయకుండా పట్టుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్లాము, పొరకు ఇన్ఫెక్షన్ అన్నారు. సంచిలోకే మందు కలిపి ఇచ్చారు.

నాకు అప్పుడు అర్థం కానిది ఇది: పొర వాచింది, ఎర్రబడింది, అంటే రక్తం ఎక్కువ వస్తోంది. మరి నీళ్లు ఎక్కువ రావాలి కదా, తగ్గాయి ఎందుకు?

బరంపురం మాస్టారు (బుధవారం, ఉదయం 9:00)

నాయనా, సంచి పారేయకుండా పట్టుకెళ్లారు చూడండి, అది చాలా మంచి పని.

వాపు వచ్చినప్పుడు కేశనాళికలు వెడల్పవుతాయి, మూసుకుని ఉన్నవి కూడా తెరుచుకుంటాయి. పనిచేసే గోడ వైశాల్యం పెరుగుతుంది. దాంతో చిన్న రంధ్రాలు పెరిగినట్టే. గ్లూకోజ్ గంటలో సగం ఖాళీ. లాగేవాడే వెళ్లిపోయాక తలుపులు ఎన్ని తెరిచి ఏం లాభం? వాపు తగ్గాక చాలామందికి మళ్లీ మామూలవుతుంది. పెద్ద రంధ్రాల గుండా మాంసకృత్తులు కూడా ఆ రోజుల్లో ఎక్కువ పోతాయి, అందుకే తర్వాత గుడ్డులో తెల్లసొన ఎక్కువ తినమంటారు.

కవిటి కోడలు, బరంపురం (బుధవారం, ఉదయం 11:45)

మా అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు. ఉప్పును రానివ్వని నీటి దారి ఉందని ఎవరు చూశారు, ఎలా చూశారు అని అడగమంటున్నాడు.

బరంపురం మాస్టారు (బుధవారం, సాయంత్రం 4:30)

అబ్బాయికి నా ఆశీస్సులు. చూడకముందే లెక్క చెప్పింది. ఎర్ర సంచి వేసిన తొలి గంట, గంటన్నరలో సంచిలోని సోడియం, అంటే ఉప్పులో ఉండేది, పడిపోతుంది. మొదట లీటరుకు 132 మిల్లీమోల్స్ ఉన్నది 122 దాకా కూడా దిగవచ్చు. రక్తంలో సోడియం 140 కదా, సందుల గుండా నీళ్లూ ఉప్పూ కలిసే వస్తే సంచిలో సోడియం తగ్గకూడదు. తగ్గిందంటే ఉప్పు లేని నీరు ఎక్కడినుంచో వస్తోంది. కాబట్టి నీటికి మాత్రమే పనికివచ్చే దారి ఉండితీరాలని రిప్పె బృందం లెక్క కట్టింది.

ఆ దారిని పట్టుకున్నది అమెరికాలో పీటర్ ఆగ్రె. ఎర్ర రక్తకణాల మీద పనిచేస్తుండగా ఆయనకు ఒక తెలియని ప్రొటీను తగిలింది. 1992లో దాని ఆర్ఎన్ఏను కప్ప గుడ్లలోకి ఎక్కించి, ఆ గుడ్లను పలచని నీళ్లలో వేశారు. మామూలు కప్ప గుడ్డు నీళ్లలో చెక్కుచెదరదు. ఇవి నిమిషాల్లో ఉబ్బి పగిలిపోయాయి. 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. తర్వాత ఈ ఆక్వాపోరిన్-1 లేని ఎలుకల్లో డయాలసిస్ చేసి చూస్తే నీళ్లు దాదాపు సగానికి తగ్గాయి, సోడియం పడిపోవడం మాయమైంది. 2021లో మనుషుల్లోనూ ఈ జన్యువు ముందుభాగంలో ఒక తేడాను గుర్తించారు. అది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వచ్చినవాళ్లకు నీళ్లు తక్కువ దిగుతాయి. అలాంటివాళ్లను నీళ్లు ఎక్కువ తాగుతున్నారని కసరుకోవడం అన్యాయం.

ఇక అమ్మాయి అడిగిన దాహం. పొలం గట్టుకు తూము తెరిస్తే నీటితో ఒండ్రూ వస్తుంది, అది సందుల దారి. ఆక్వాపోరిన్ దారిలో ఒండ్రు రాదు. ఒక లీటరు నీరు పూర్తిగా సందుల గుండానే వచ్చి ఉంటే దాంతో ఎనిమిది గ్రాముల ఉప్పు పోయేది. సగం సన్నదారిన వస్తే నాలుగు గ్రాములే. సంచిని కొంచెం ఎక్కువసేపు ఉంచితే, పలచబడిన సంచిలోకి రక్తంలోని ఉప్పు నెమ్మదిగా చేరి లోటు తీరుస్తుంది. మీరు రెండు గంటలకే దింపారు. నీళ్లు వెళ్లాయి, వెనక నడిచే ఉప్పు ఇంకా దారిలోనే ఉంది. రక్తంలో ఉప్పు చిక్కబడింది, దాహం వేసింది, తాగితే మళ్లీ వాపు. బీపీ దిగేది ఉప్పు పోతేనే, వట్టి నీళ్లు పోతే కాదు.

గుణుపురం సిస్టర్ (బుధవారం, రాత్రి 9:10)

మాస్టారు గారు చెప్పినది మా రోగులందరికీ వినిపించాలి. నీళ్లు గ్లాసుతో కొలుస్తారు, ఉప్పు మాత్రం ఎవరూ కొలవరు. మన వైపు పొద్దున చద్దన్నం, దాన్నే ఒడియావాళ్లు పఖాళ అంటారు, అందులో ఉప్పు, పక్కన ఊరగాయ, ఎండుచేప. ఆ ఒక్క గిన్నెలోనే రోజు మొత్తానికి సరిపడే అయిదు గ్రాములు దాటిపోతాయి.

పర్లాకిమిడి అమ్మాయి (బుధవారం, రాత్రి 9:35)

సిస్టర్, మా వంటింట్లోకి తొంగిచూసినట్టు చెప్పారు. అమ్మకు నీళ్లు 700కు మించనివ్వను, ఊరగాయ మాత్రం అడ్డుచెప్పలేకపోయాను. ఎర్ర సంచి వేసిన రోజు కూడా చద్దన్నమే తిన్నది.

జయపురం నుంచి (గురువారం, ఉదయం 7:05)

రాత్రికి ఊదా మూత సంచి గురించి డాక్టరు గారిని అడగండి. నాది వేగంగా వదిలే పొరే. ఏడాదిగా రాత్రికి అదే. ఖరీదు ఎక్కువ, ఆ మాట ముందే చెబుతున్నాను. అది వేసుకున్నప్పుడు వేలు పొడిచి చూసుకునే చక్కెర మీటరు విషయంలో జాగ్రత్త పడాలన్నారు. కారణం మాస్టారు చెప్పాలి.

బరంపురం మాస్టారు (గురువారం, ఉదయం 8:20)

అందులో గ్లూకోజ్ ఉండదు, ఐకోడెక్స్‌ట్రిన్ ఉంటుంది, 7.5 శాతం. పిండిపదార్థం (స్టార్చ్) నుంచి చేసే పొడవాటి గొలుసు అణువు. చిన్న రంధ్రంలో సులువుగా దూరలేదు, కాబట్టి త్వరగా పారిపోదు. రక్తంలో ఆల్బుమిన్ చేసే పనినే ఇది ఇవతలి వైపున చేస్తుంది. మెల్లగా, కానీ పది పన్నెండు గంటలు ఓపికగా లాగుతుంది. నీళ్లు దాదాపు అన్నీ సందుల దారినే వస్తాయి కనుక ఉప్పూ వెంట వస్తుంది. రోజుకు ఒక్కసారే వాడతారు.

కొంత లింఫు గుండా రక్తంలో చేరి మాల్టోజ్ అనే మరో రకం చక్కెర అవుతుంది. కొన్ని రకాల స్ట్రిప్పులు ఆ మాల్టోజ్‌నే గ్లూకోజ్ అనుకుని అంకె ఎక్కువ చూపిస్తాయి. అది నమ్మి ఇన్సులిన్ వేస్తే నిజమైన చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. జీడీహెచ్-పీక్యూక్యూ అనే రకం స్ట్రిప్పు కాకూడదు. పెట్టె మీద చూసుకోండి, తెలియకపోతే మందుల షాపులో అడిగి తీసుకోండి. ఈ సంచి వాడుతున్నట్టు ఒక చీటీ రాసి పర్సులో పెట్టుకోండి. వేరే ఆసుపత్రికి వెళ్లాల్సివస్తే వాళ్లకు తెలియాలి.

పర్లాకిమిడి అమ్మాయి (పన్నెండు రోజుల తర్వాత, ఉదయం 6:30)

శుక్రవారం పరీక్ష చేశారు. 0.84. సిస్టర్ అన్నట్టే వేగంగా వదిలే రకం. నోటు పుస్తకం చూసి డాక్టరు గారు మూడు పేజీలు ఫొటో తీసుకున్నారు. పగటి సంచుల వేళలు కొంచెం మార్చారు, రాత్రికి ఊదా సంచి రాశారు. ఎర్ర సంచి ఎప్పుడైనా వేయాల్సివస్తే రెండు గంటలకు కాదు, నాలుగు గంటలకు దింపమన్నారు. అమ్మకు షుగరు లేదు, అయినా మా ఇంట్లో ఉన్న మీటరు స్ట్రిప్పు పెట్టె షాపులో చూపించి అడిగాను, ఆ రకం కాదు. చీటీ తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో రాసి అమ్మ పర్సులో పెట్టాను.

మాగాయ ముక్క కథ అమ్మకు చెప్పాను. ముక్క ఉప్పగా అయ్యాక ఊట రాదని ఆవిడకు నాకంటే ముందే తెలుసు. ఊరగాయ జాడీ తానే తీసి పక్కింటికి ఇచ్చేసింది. చద్దన్నంలో ఇప్పుడు నిమ్మరసం, పచ్చిమిర్చి, చిటికెడు ఉప్పు.

ఊదా సంచి అయిదో రాత్రి ఇది. పోసింది 2,000, దిగింది 2,280. రెండు నెలలుగా వాపులో బిగుసుకుపోయి తిరగని ఎడమకాలి మెట్టెను పొద్దున మంచం మీద కూర్చుని అమ్మే తిప్పుకుంటోంది.